ఏ ఎల్లారెడ్డి, బిడ్డా?

ఎల్లారెడ్డికి బస్సు ఎన్నింటికి ఉన్నదని అడిగితివి. జవాబు వినకముందే చెప్పులల్ల కాళ్లు పెడితివి. ఆత్రగానికి బుద్ధి మట్టమని పెద్దలు ఊకె అన్నరా? చెప్పులు విడిచి ఇట్ల మంట కాడికి జరుగు. ఈ బస్సు పోతే ఇంకో బస్సు వస్తది. ముందుగాల నాకు చెప్పు, నువ్వు పోవాల్సింది ఏ ఎల్లారెడ్డికి?

నవ్వకు బిడ్డా. కామారెడ్డి బస్టాండుల నిలబడి ఎల్లారెడ్డి అంటే మూడు దిక్కుల మూడు ఊర్లు పలుకుతయి. పడమరకు లింగంపేట మీదికెల్లి పోతే వచ్చేది అసలు ఎల్లారెడ్డి. ఒకప్పుడు తాలూకా, ఇప్పుడు రెవెన్యూ డివిజను. అది దాటి పోతే నిజాంసాగర్. నిజామాబాద్ పోయే దిక్కు, సదాశివనగర్ మండలంల ఉన్నది అడ్లూర్ ఎల్లారెడ్డి. చక్కెర ఫ్యాక్టరీ ఉన్నదే, ఆ ఊరు. ఇగ తూర్పుకు మాచారెడ్డి దాటి సిరిసిల్ల తొవ్వ పట్టుకుంటే ఎల్లారెడ్డిపేట. అప్పట్ల కరీంనగర్ జిల్లా, ఇప్పుడు రాజన్న సిరిసిల్ల. హైదరాబాదుల అమీర్‌పేట పక్కపొంటి ఎల్లారెడ్డిగూడ ఒకటి ఉండనే ఉన్నది, దాన్ని ఇప్పుడు పక్కకు పెడదాం.

మా చిన్న మేనమామ ఈ ఊర్ల నడుమనే తండ్లాడిండు. ఆయన అక్క లగ్గం పత్రికలు పంచే పని ఆయన మీద పడ్డది. అప్పట్ల పత్రికను టపాల వేసి చేతులు దులుపుకునుడు లేదు. నాలుగు మూలలకు పసుపు రాసి, ఇంటింటికి పోయి, బొట్టు పెట్టి పిలువాలె. పిలువకుంటే తోడబుట్టినోడు సుత గడప దాటడు. "ఎల్లారెడ్డిల బాలయ్యకు ఇచ్చి రా పోరా" అన్నడు మా తాత. మామ పోయి సిరిసిల్ల దిక్కు బస్సెక్కిండు. ఎల్లారెడ్డిపేటల దిగి బాలయ్య ఇల్లు ఏదని అడిగిండు. మన దిక్కు బాలయ్య లేని ఊరు ఉంటదా? చూపిచ్చిండ్రు.

ఆ ఇంటోళ్లు చెంబుతోని కాళ్లకు నీళ్లిచ్చిండ్రు. గొంగడి పరిచి కూసోబెట్టిండ్రు. జొన్నరొట్టె, చింతకాయ తొక్కు, మీద ఇంత పెరుగు. ఇంటికొచ్చినోన్ని "నువ్వెవలు" అని మొదలే అడుగుడు ఆ రోజులల్ల తప్పు. తిన్న తరువాత మాటల మీద మాట వస్తే తెలవాలె, రాకుంటే లేదు. మా మామనేమో నోరు తెరువని మనిషి. తిన్నడు, పత్రిక ఇచ్చిండు, బొట్టు పెట్టిండు, దండం పెట్టి వచ్చిండు.

లగ్గం నాడు ఎల్లారెడ్డిపేట బాలయ్య ఇంటిల్లిపాదిని తోలుకొని దిగిండు. దగ్గరి చుట్టాలే రెండు రూపాయలు కట్నం చదివిచ్చే కాలంల ఐదు రూపాయలు రాయిచ్చిండు. "ఎవలో పెద్దమనుషులు, యాది పెట్టుకొని ఇంత దూరం పిలువనంపిండ్రు" అని సంబరపడ్డడట. అసలు బాలయ్య మాత్రం పిలుపు రాలేదని అలిగిండు. మా తాత రుమాలు చుట్టుకొని ఆయన ఇంటికి పోయి, అరుగు మీద ఒక పూటంత కూసొని బతిమిలాడితే గాని మాట కలువలేదు. ఎల్లారెడ్డిపేట ఇంటికీ మా ఇంటికీ రాకపోకలు ఇప్పటికీ ఉన్నయి. మొన్న మా ఇంట్ల శుభకార్యానికి ఆ బాలయ్య మనుమడే ముందుగాల వచ్చిండు.

అయితే ఈ కామారెడ్డి ఎవలు, ఎల్లారెడ్డి ఎవలు అని నువ్వు అడుగవు. అడుగకున్నా చెప్త. చెప్పేటోనికి వినేటోడు లోకువని తెలువదా?

దోమకొండ కోట చూసినవు గదా. ఆ సంస్థానం ఏలిన కామినేని రెడ్ల పేర్ల మీదనే ఈ ఊర్లు వెలిసినయని మా తాతకు వాళ్ల తాత చెప్పిండు. కామిరెడ్డి పేరు మీద కామారెడ్డి, ఎల్లారెడ్డి పేరు మీద ఎల్లారెడ్డి. వాళ్ల తొలి కాపురం బిక్కనవోలు, అంటే ఇప్పటి మన భిక్కనూర్. ఆ వంశంల మల్లారెడ్డి అని ఒక కవి ఉండె. గోలకొండను కుతుబ్‌షాహీలు ఏలిన కాలం. పదహారో శతాబ్దపు మనిషి. షట్చక్రవర్తి చరిత్ర, శివధర్మోత్తరం రాసిండు. అన్నదమ్ములు, దాయాదులు ఊర్లకు పేర్లయిండ్రు, ఈయన పుస్తకాలల్ల మిగిలిండు. ఆ కోటను ఆ వంశపోళ్లే బాగు చేయిచ్చిండ్రు. 2022ల యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాలల్ల దానికి మెప్పు దొరికింది. పేరు గొప్ప, ఊరు దిబ్బ అనే సామెత ఉన్నది గాని, దోమకొండ కాడ అది చెల్లదు. నువ్వు సెల్‌ఫోన్ల ఫొటోలు దిగి వస్తివి, ఆ కోట లోపల మహాదేవుని గుడి ఉన్నది, కాకతీయుల కాలంది. దండం పెట్టుకున్నవా లేదా? పెట్టుకోలేదు, నీ మొఖం చూస్తనే తెలుస్తుంది.

కామిరెడ్డి, ఎల్లారెడ్డిలతోనే ఆగితే బాగుండు. మన చుట్టుపక్కల ఊర్ల పేర్లు చదువుతుంటే పెండ్లిల కట్నాల పుస్తకం చదివినట్టు ఉంటది. రామారెడ్డి, మాచారెడ్డి, నాగిరెడ్డిపేట, అవుతల మెతుకుసీమల సంగారెడ్డి. రామారెడ్డి అంటే మనిషి కాదు, మండలం. ఇసన్నపల్లి కాలభైరవుని గుడికి పోయేటోళ్లు దిగేది అక్కడనే. ఈ పేర్లతోని రైళ్లల్ల ఎన్ని తమాషాలు అయ్యేటివో.

రైలంటే ఇప్పటి రైలు కాదు. గోదావరి లోయ రైలుమార్గం అని నిజాం కాలంల, 1900 ప్రాంతంల వేసిన మీటర్‌గేజీ లైను. సికింద్రాబాదు నుంచి మన్మాడ్ దాక. బొగ్గు ఇంజను. కిటికీ కాడ కూసుంటే కండ్లల్ల నుసి పడేది, తెల్ల ధోతి కట్టుకున్నోడు దిగేవరకు బూడిద రంగు అయ్యేటోడు. ఆ రైల్లనే ఒకసారి మా ఊరాయన పోతున్నడు. ఎదురుంగ కృష్ణా జిల్లా పెద్దమనిషి కూసున్నడు.

"ఏ ఊరండీ మీది?"

"కామారెడ్డి."

"అదేంటండీ, ఊరు అడిగితే పేరు చెబుతారు? సరే, పేరేంటి?"

"రామారెడ్డి."

"మరి కామారెడ్డి ఎవరు?"

"అది ఊరు."

"రామారెడ్డి?"

"అది నేను. ఊరు సుత ఉన్నది, కాని నాది కాదు."

"సరేనండీ, ఇప్పుడెక్కడికి వెళుతున్నారు?"

"ఎల్లారెడ్డికి."

"ఎల్లారెడ్డి గారు మీకేమవుతారు?"

ఆ పెద్దమనిషి కామారెడ్డి వచ్చేదాక నవ్విండట. మా ఊరాయన దిగేముందు సంచిలకెల్లి రెండు బంగినపల్లి మామిడిపండ్లు తీసి చేతుల పెట్టిండు, "రామారెడ్డి గారికొకటి, ఎల్లారెడ్డి గారికొకటి" అని.

మగోళ్ల సంగతి ఇట్లుంటే ఆడోళ్ల కష్టం వేరే. మీ నానమ్మ నన్ను పేరు పెట్టి పిలువంగ ఎన్నడన్న విన్నవా? వినవు. మా కాలంల పెనిమిటి పేరు నోట పలుకరు. మామ పేరు పలుకరు. బావ పేరు సుత అంతే. "మా ఇంటాయన", "పిల్లల నాయిన", కోపమొస్తే "ఆ మనిషి". మామ పేరే కొడుకుకు పెడితే తల్లి కన్నకొడుకును ఏమని పిలువాలె? "తాతా" అని పిలిచేది, "పెద్దయ్యా" అని పిలిచేది. మూడేండ్ల పోరగాడు మట్టిల పొర్లుతుంటే తల్లి వెనుకపడి "పెద్దయ్యా, ఇట్ల రా, కాళ్లు కడుగుత" అనేది. మర్యాద తగ్గకపోయేది, పోరగాడు మాట వినకపోయేటోడు.

ఇగ చూడు. ఒకామె ఉండె మన వాడకట్టుల. పేరు చెప్పను, మనుమలు మనుమరాండ్లు ఊర్లనే ఉన్నరు. ఆమె పెనిమిటి పేరు ఎల్లారెడ్డి. ఆమె తల్లిగారి ఊరు ఎల్లారెడ్డి. పండుగకు తల్లిగారింటికి పోవాలంటే బస్సుల టికెట్ ఎట్ల అడగాలె?

కండక్టరు కొత్తోడు. "ఎక్కడికవ్వా?" అన్నడు.

"లింగంపేట అవుతలికి కొడుకా."

"అవుతల అంటే? నిజాంసాగరా?"

"అంత దూరం కాదు. దానికి ఇవుతల."

"లింగంపేటకు అవుతల, నిజాంసాగర్‌కు ఇవుతల... ఊరు పేరు చెప్పవ్వా, టికెట్ కొట్టాలె."

"నువ్వే చెప్పు కొడుకా, నా నోట రాదు."

ఆ కొత్తోడు ఇంకేదో అనబోతుంటే బస్సుల ఉన్న ఆడోళ్లందరు ఒక్కసారే "ఎల్లారెడ్డి!" అని అరిచిండ్రు. ఈమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని "ఆఁ, ఆయననే!" అన్నది. తరువాత తరువాత ఆ కండక్టరు ఆమెను చూస్తనే "అవ్వా, ఇంటాయన ఊరికేనా?" అని టికెట్ కొట్టి ఇచ్చేటోడు. నిజాం కాలంల 1932ల సర్కారు బస్సు మొదలైనకాడికెల్లి ఇట్లాంటి తల్లులు ఎంతమందిని కండక్టర్లు పేరు అడుగకుండ ఊర్లకు చేర్చిండ్రో.

ఒక్క ఇంట్లనే పేర్లు కలిసినా మా కాలంల ఎవలకు చిక్కు అనిపియ్యలేదు. తాత పేరు మనుమనికి పెట్టుడు ధర్మం. అన్నదమ్ములు నలుగురుంటే నలుగురి కొడుకులకు ఒక్కటే తాత పేరు. అట్ల ఒక్క వాకిట్ల నలుగురు సాయిలు. పెద్ద సాయిలు, నడిపి సాయిలు, చిన్న సాయిలు, బక్క సాయిలు. బక్క సాయిలు బువ్వ బాగ తిని లావైనా బక్క సాయిలే. పట్వారి పహాణీల మాత్రం తండ్రి పేరు కలిపి రాసేటోడు, సాయిలు వల్ద్ ఎల్లయ్య అని. వల్ద్ అంటే ఫలానాయన కొడుకు. తండ్రి పేరు లేనిదే భూమి పేరు ఎక్కకపోయేది.

ఇంటిపేరు ఉన్నది గదా అంటవా? ఉన్నది. దాని అవసరం ఓట్లప్పుడు బాగ తెలుస్తది. 2023ల మన కామారెడ్డిల అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ నిలబడ్డడు, తరువాత ముఖ్యమంత్రి అయిన ఎనుముల రేవంత్‌రెడ్డి నిలబడ్డడు, గెలిచింది కాటిపల్లి వెంకట రమణారెడ్డి. కామారెడ్డిల నిలబడి "రెడ్డీ" అని కేకేస్తే ఎవలు తిరిగి చూడాలె? అందుకనే కాటిపల్లి, ఎనుముల అని ముందు ఇంటిపేరు పడ్డది. ఒక్కొక్కరికి ఇంటిపేరు కన్న ఊరిపేరే అతుక్కుంటది. మన బాన్సువాడ శ్రీనివాస్‌రెడ్డి, స్పీకర్ చేసినాయన, ఇంటిపేరు పరిగె. ఎవలన్న పరిగె శ్రీనివాస్‌రెడ్డి అంటరా? పుట్టిన ఊరు పోచారం, అందుకని ఆయన పోచారం.

పోచారం అన్నకాడ ఒక మాట. నాగిరెడ్డిపేట దిక్కు పోచారం ప్రాజెక్టు ఉన్నది, 1922ల కట్టిన చెరువు, పక్కన అడివి, జింకలు. అది వేరే పోచారం. బాన్సువాడ దిక్కు పోచారం వేరే. రెండూ మన జిల్లానే. హైదరాబాదు అంచుల ఘట్‌కేసర్ కాడ కంప్యూటర్ కంపెనీలున్న పోచారం ఇంకోటి. పోచమ్మ తల్లి లేని ఊరు లేనప్పుడు పోచారం ఒక్కటే ఎట్లుంటది?

తాడ్వాయి సుత అంతే. మన తాడ్వాయి కామారెడ్డి పక్కన. ఇంకో తాడ్వాయి ములుగు అడివిల, మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు పోయే తొవ్వల. రాజంపేట మన దగ్గర ఉన్నది, అన్నమయ్య పుట్టిన తాళ్లపాక పక్కన కడప దిక్కు ఉన్నది. పాల్వంచ మాచారెడ్డి కాడ ఉన్నది, కిన్నెరసాని కాడ ఉన్నది. మన గాంధారి పేరు వింటే కౌరవుల తల్లి యాదికొస్తది. అంత దూరం ఎందుకు, హైదరాబాదే పాకిస్తాన్ల సింధు ఒడ్డున ఇంకోటి ఉన్నది.

మనిషి పేరు ఊరుకు వస్తే ఇంకో చిక్కు. 1952ల తొలి ఎన్నికల కాలం. పెద్దోళ్లు అరుగుల మీద కూసొని "కరీంనగర్ల ఎల్లారెడ్డి గెలిచిండు" అని మాట్లాడుకుంటున్నరు. మా తమ్ముడు చిన్నోడు. "ఎల్లారెడ్డి మన దిక్కు ఉన్నది గదా, కరీంనగర్ల ఎట్ల గెలిచింది?" అని అడిగిండు. అది బద్దం ఎల్లారెడ్డి గురించి మాట. సిరిసిల్ల దిక్కు గాలిపల్లి మనిషి. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్‌తోని కలిసి నిజాం మీద సాయుధ పోరాటానికి పిలుపిచ్చిన ముగ్గురిల ఒకడు. కరీంనగర్ నుంచి తొలి లోక్‌సభకు పోయిండు. ఊరు ఎల్లారెడ్డి సుత తక్కువది కాదు. 1967ల, మళ్ల 1972ల ఈశ్వరీబాయిని అసెంబ్లీకి పంపిన నియోజకవర్గం. ఆమె లేచి మాట్లాడితే మంత్రులు కాగితాలు సర్దుకునేటోళ్లని మా పెద్దలు గర్వంగ చెప్పుకునేది.

ఎటో పోతున్న. పేర్ల సంగతి గదా. రూపాయి సంగతి చెప్పి మళ్ల తొవ్వకొస్త, ఓపిక పట్టు. మా నాయిన కాలంల రూపాయి సుత రెండు. నిజాంది హాలి సిక్కా, బ్రిటిషోళ్లది కల్దారు. రెండిటినీ రూపాయనే అనేటోళ్లు. ఏడు హాలి రూపాయలిస్తే ఆరు కల్దార్లు. కామారెడ్డి బెల్లానికి పేరున్న గంజ్. బెల్లం బండ్లు తోలుకొని మా నాయిన పోతే షావుకారి ధర చెప్తడు. మా నాయిన మొదటి మాట, "ఏ రూపాయి సేఠ్?" ఆ మాట అడుగక సంతకం పెట్టినోడు నష్టపోయి ఇంటికొచ్చేది. హాలి పోయింది, 1957ల నయాపైసలు వచ్చినయి, అణాలు పోయినయి. "ఏ రూపాయి" అని అడుగుడు పోయింది గాని "ఏ ఎల్లారెడ్డి" అని అడుగుడు మిగిలింది.

చివరికి సాయిలు ముచ్చట చెప్పి నిన్ను బస్సెక్కిస్త.

పిన్‌కోడ్లు రాకముందటి మాట. 1972ల వచ్చినయి అవి, కామారెడ్డిది 503111. అంతకు ముందు ఊరు పేరు, తాలూకా, జిల్లా రాస్తే చాలు. ఎల్లారెడ్డిల ఒక సాయిలు, తండ్రి ఎల్లయ్య. అడ్లూర్ ఎల్లారెడ్డిల ఒక సాయిలు, తండ్రి ఎల్లయ్య. ఇద్దరి కొడుకులు బొంబాయిల ఇండ్లు కట్టే పనికి పోయిండ్రు. అడ్లూర్ ఎల్లారెడ్డి సాయిలు కొడుకు తండ్రికి యాభై రూపాయలు మనియార్డరు పంపిండు. రాయిచ్చేటప్పుడు "అడ్లూర్" అనే మాట మరిచిండు. పైసలు అసలు ఎల్లారెడ్డి సాయిలు ఇంటికొచ్చినయి.

పోస్టుమ్యాన్ వచ్చిండు, సాక్షిని నిలబెట్టిండు, సాయిలు వేలిముద్ర వేసిండు. యాభై రూపాయలు లెక్కపెట్టి చేతుల పెట్టిండు. మనియార్డరు కాగితం కింద రెండు మాటలు రాసే చోటు ఉండేది. ఇల్లు కదిలే ముందు పోస్టుమ్యాన్ అది చదివి వినిపిచ్చుడు ఆనవాయితి. చదివిండు. "నాయినా, బర్రెను అమ్మకు. పైసలు పంపుతున్న."

సాయిలు అటు చూసిండు, ఇటు చూసిండు. "నాకు బర్రె ఎక్కడిది?" అన్నడు. పెండ్లాం "కొడుకు రాసిండంటే ఏదో ఉంటది తీయ్" అన్నది. "కొడుకు కొట్టాన్ని మరిచినా మరుస్తడు గాని లేని బర్రెను ఎట్ల కనిపెడ్తడు? ఇది మనది కాదు" అన్నడు సాయిలు. వేలిముద్ర పడ్డది, పైసలు చేతికొచ్చినయి, ఎవలు అడిగేటోళ్లు లేరు. ఇంట్ల వడ్లు అయిపోవస్తున్నయి. అయినా ఆ రాత్రి పైసలు ధోతి కొంగున ముడేసుకొని పండుకున్నడు. తెల్లారంగ కామారెడ్డి బస్సెక్కి, అక్కడ మారి, అడ్లూర్ ఎల్లారెడ్డిల దిగి, "బర్రెను అమ్ముతున్న సాయిలు ఎవలు?" అని అడిగిండు. పేరు అడిగితే పదిమందిని చూపిద్దురు. బర్రె అనేవరకు నేరుగ ఇంటికే తోలుకపోయిండ్రు.

బేరం అయిపోయింది. బేరగాడు బయానా ఇచ్చి పలుపు విప్పుతున్నడు. ఈ సాయిలు వాకిట్ల నిలబడి "ఓ సాయిలూ, నీ కొడుకు అమ్మొద్దన్నడు" అని కేకేసిండు. బయానా వాపసు ఇచ్చిండ్రు. బేరగానికి నచ్చజెప్పి, సగం చుట్ట ఇచ్చి పంపిండ్రు. ఇద్దరు సాయిలు ఆ బర్రె పాల చాయ తాగిండ్రు. పైసలు తెచ్చినోనికి వచ్చిపోయిన బస్సు కిరాయి ఇస్తమంటే తీసుకోలేదు, సంచి నిండ మక్కలు పోసి పంపిండ్రు.

ఆ వచ్చిపోవుడు ఆగలేదు. పండుగకు వీళ్లు, పబ్బానికి వాళ్లు. నాలుగైదేండ్లకు ఎల్లారెడ్డి సాయిలు బిడ్డను అడ్లూర్ ఎల్లారెడ్డి సాయిలు కొడుకుకు ఇచ్చిండ్రు, ఆ మనియార్డరు పంపిన కొడుకుకే. లగ్గం పత్రికల ఇద్దరు తండ్రుల పేర్లు ఒక్కటే, ఊర్ల పేర్లు దాదాపు ఒక్కటే, తాతల పేర్లు సుత ఒక్కటే. అచ్చేసినాయన తప్పు పడ్డదనుకొని ఒకటి కొట్టేసిండట, మళ్ల అచ్చు వేయిచ్చిండ్రు.

ఏడాదికి మనుమడు పుట్టిండు. పురుడు నాడు అందరికీ ఒక్కటే భయం. తండ్రి తండ్రి పేరు పెడితే తల్లిగారోళ్లు మొఖం ముడుచుకుంటరు, తల్లి తండ్రి పేరు పెడితే ఇటోళ్లు. మన దిక్కు ఈ కాడనే ఎన్ని ఇండ్లల్ల మాట పట్టింపులు వచ్చినయో. పేరు పెట్టేటప్పుడు పెద్దామె పిల్లగాని చెవుల "సాయిలు" అన్నది. ఇద్దరు తాతలు ఒక్కసారే మీసం దువ్విండ్రు.